మన గొంతు మనకే ఆలస్యంగా ఎందుకు వినిపిస్తుంది? ఇంటి రికార్డింగులో మిల్లీసెకన్ల లెక్క

ఇంట్లో మైకు పెట్టుకుని పాట రికార్డు చేయాలని మొదటిసారి కూర్చున్నవాళ్లను గమనించండి. మైకు ధ్వనిని కంప్యూటరుకు అందించే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టెను కలుపుతారు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ట్రాక్ తెరుస్తారు, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని పల్లవి ఎత్తుకుంటారు. నోటి నుంచి మాట వెళ్లిన కాసేపటికి అదే మాట చెవిలో పడుతుంది. వెనక ఎవరో నిలబడి తాము పాడిందల్లా తిరిగి పాడుతున్నట్టు ఉంటుంది. రెండో పంక్తికి తాళం తప్పుతుంది. ఆగి, గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెడతారు. మళ్లీ అక్కడే తప్పుతుంది. చివరికి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, కంప్యూటరు వేగం చాలడం లేదని తేల్చేస్తారు.

నేనూ అలాగే తేల్చాను. ముందు ర్యామ్ పెంచాను, అది చాలక కొన్నాళ్లకు మెషీనే మార్చాను. కొత్త మెషీన్‌లోనూ గొంతు అంతే ఆలస్యంగా వచ్చింది. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఒక మూల 1024 అనే అంకె ఉంది. పాత మెషీన్‌లోనూ అదే ఉండేది. దాన్ని 128కి మార్చగానే నా వెనక పాడుతున్న మనిషి దాదాపు మాయమయ్యాడు.

ఈ ఆలస్యాన్ని లేటెన్సీ అంటారు. ఇందులో ఎక్కువ భాగం కంప్యూటరు నెమ్మదిగా లెక్కలు చేయడం వల్ల రాదు, ధ్వనిని అది పోగుచేసుకునే పద్ధతి వల్ల వస్తుంది. ఆ పద్ధతి ఒకసారి అర్థమైతే ఏ అంకె ఎప్పుడు మార్చాలో, ఏ మీట ఎప్పుడు తిప్పాలో మనకే తెలిసిపోతుంది.

చెంబుతో మోయాలా, బిందెతోనా

మైకు పట్టిన ధ్వని తీగలో విద్యుత్తుగా ఇంటర్‌ఫేస్‌కు చేరుతుంది. ఇంటర్‌ఫేస్ దాన్ని పెంచి, ఆ అల ఎత్తుపల్లాలను సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. ఒక్కో కొలత ఒక శాంపిల్. 1982లో సీడీతో స్థిరపడిన 44,100 కూడా ఇంకా వాడుకలోనే ఉంది. ఈ వ్యాసంలో లెక్కలన్నీ 48,000తోనే చేస్తాను.

శాంపిల్ తయారైన వెంటనే ప్రాసెసర్ వచ్చి అందుకోదు. దానికి ఇంకా చాలా పనులుంటాయి. సెకనుకు 48,000 సార్లు చేతిలో పని వదిలేసి ఇటు తిరగాలంటే ఆ తిరగడానికే సమయమంతా పోతుంది. అందుకని శాంపిల్స్‌ను ఒకచోట పోగుచేసి, ఒక పాత్ర నిండాక ఒకేసారి తీసుకెళ్తుంది. ఆ పాత్ర పేరే బఫర్.

కుళాయి కింద పాత్ర పెట్టి నీళ్లు మోసే మనిషిని ఊహించుకోండి. బిందె పెడితే అది నిండేదాకా తీరిగ్గా ఉండొచ్చు, కానీ బిందెలో పడ్డ మొదటి చుక్క అంతసేపూ అడుగునే ఉండిపోవాలి. చెంబు పెడితే ఆ చుక్క చప్పున ఇల్లు చేరుతుంది, మోసేవాడికి మాత్రం క్షణం తీరిక ఉండదు. 1024 శాంపిల్స్ బఫర్ అంటే బిందె. అది నిండటానికి 21.3 మిల్లీసెకన్లు పడుతుంది. 128 అంటే చెంబు, 2.7 మిల్లీసెకన్లు. మెషీన్ ఎంత ఖరీదైనదైనా బిందె నిండే సమయం మారదు, ఎందుకంటే కుళాయి ధార మారలేదు.

చిన్న పాత్ర పెట్టినప్పుడు ఏం పణంగా పెడుతున్నామో కూడా చూడాలి. 128 శాంపిల్స్ బఫర్‌తో కంప్యూటరు సెకనుకు 375 సార్లు వచ్చి పాత్ర అందుకోవాలి. వచ్చిన ప్రతిసారీ అన్ని ట్రాకులనూ కలిపి, ఎఫెక్టులన్నీ లెక్కగట్టి, 2.7 మిల్లీసెకన్లలోపు ఫలితాన్ని తిరిగి అందించాలి. నాలుగు నిమిషాల పాటలో ఇలాంటి గడువులు 90,000. వాటిలో 89,999 సకాలంలో అందించి ఒక్కటి తప్పినా హెడ్‌ఫోన్స్‌లో టప్పుమని చప్పుడు వినిపిస్తుంది. నిప్పు మీద ఉప్పు వేసినట్టు చిటపటలు వస్తున్నాయంటే గడువులు వరుసగా తప్పుతున్నాయని.

వేగమైన కంప్యూటరులో కూడా చిటపటలు రావడానికి కారణం ఇక్కడే ఉంది. ప్రాసెసర్ వాడకం 20 శాతమే చూపిస్తున్నా, వైఫై డ్రైవర్, అంటే వైఫైని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, ఒక్కసారి రెండు మూడు మిల్లీసెకన్లు ప్రాసెసర్‌ను పట్టుకుని వదలకపోతే చాలు. బ్యాటరీ ఆదా కోసం ప్రాసెసర్ కునుకు తీసి లేవడానికి ఆలస్యమైనా అంతే. సగటు వేగం ఎంత బాగున్నా ఆ ఒక్క గడువు తప్పినట్టే. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపి, పవర్ సెట్టింగును పూర్తి సామర్థ్యానికి మార్చి, ఇంటర్‌ఫేస్‌ను హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటరు పోర్టులోనే పెట్టి చూడండి. కొత్త మెషీన్ కొనే ముందు చేయాల్సిన పనులివి.

పాత్ర ఒక్కటే కాదు, రెండుంటాయి. లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, బయటికి వెళ్లేటప్పుడు ఒకటి. అంటే 128 పెట్టినా మొత్తం 5.3 మిల్లీసెకన్లు. విద్యుత్తును అంకెలుగా, అంకెలను మళ్లీ విద్యుత్తుగా మార్చే కన్వర్టర్లలోని ఫిల్టర్లు కొంత తీసుకుంటాయి. యూఎస్‌బీ మీద డేటా ఒడిదుడుకులు తట్టుకోవడానికి ఇంటర్‌ఫేస్ డ్రైవర్ రాసినవాళ్లు అదనంగా మరో చిన్న బఫర్ దాచి పెడతారు, అది మనకు సెట్టింగుల్లో కనిపించదు. ఇవన్నీ కలిసి 128 దగ్గర మొత్తం ప్రయాణం సుమారు 8 నుంచి 10 మిల్లీసెకన్లు అవుతుంది. ఒకే బఫర్ అంకె పెట్టినా రెండు వేర్వేరు ఇంటర్‌ఫేస్‌ల మధ్య తేడా వచ్చేది ఎక్కువగా ఆ దాచిన భాగం వల్లే. కొనేటప్పుడు పెట్టె మీది అంకెలకంటే డ్రైవర్ నాణ్యత గురించి ఎక్కువ విచారించాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పాడేవాళ్లకే ఎందుకంత ఇబ్బంది

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. స్పీకరుకు మూడు మీటర్ల దూరంలో నిలబడి గిటార్ వాయించేవాడు తన వాద్యాన్ని దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటాడు, అయినా ఇబ్బంది పడడు. మరి ఇంటర్‌ఫేస్‌లో అదే 9 మిల్లీసెకన్లు గాయకులను ఎందుకు అంతలా చికాకు పెడుతుంది?

పాడేవాళ్లు తమ గొంతును రెండు దారుల్లో వింటారు కాబట్టి. ఒకటి గాలి ద్వారా, ఇప్పుడైతే హెడ్‌ఫోన్స్ ద్వారా. రెండోది పుర్రె ఎముకల గుండా నేరుగా లోపలి చెవికి. రికార్డులో మన గొంతు మనకే కొత్తగా అనిపించడానికి కారణం ఆ రెండో దారి అందులో లేకపోవడమే. ఎముకల దారిలో ఆలస్యం దాదాపు లేదు. హెడ్‌ఫోన్స్ దారిలో మిల్లీసెకన్లు చేరాయి. ఒకే ధ్వని రెండు వేర్వేరు సమయాల్లో చెవిలో కలుసుకుంటుంది.

అలా కలుసుకున్నప్పుడు ఏమవుతుందో 2.5 మిల్లీసెకన్ల ఆలస్యంతో చూద్దాం. 200 హెర్ట్జ్ స్వరానికి ఒక పూర్తి అల 5 మిల్లీసెకన్లు. అందులో సగం ఆలస్యమైతే, ఎముకల దారిలో అల పైకి లేస్తున్నప్పుడు హెడ్‌ఫోన్స్ దారిలో కిందికి దిగుతుంటుంది. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. 400 హెర్ట్జ్ దగ్గర మాత్రం రెండూ కలిసి పైకి లేచి గొంతు నిండుగా వినిపిస్తుంది. 600 దగ్గర మళ్లీ పలచబడుతుంది. ఇలా దువ్వెన పళ్లలా ఒకటి విడిచి ఒకటి స్వరాలు మాయమవుతుంటాయి. దీన్ని కోంబ్ ఫిల్టరింగ్ అంటారు.

పాడేవాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలిసేది ఒక్కటే, ఈ రోజు గొంతు పీలగా ఉంది. ఒక స్వరం దగ్గర బలంగా, పక్క స్వరం దగ్గర డొల్లగా. లోటు పూడ్చుకోవాలని ఇంకాస్త గట్టిగా పాడతారు, గట్టిగా పాడితే శ్రుతి పైకి జారుతుంది. నాలుగు టేకులు పోయాక తమ గొంతునే అనుమానించడం మొదలుపెడతారు. మంచి గొంతున్నవాళ్లు ఇలా నిరుత్సాహపడి లేచి వెళ్లిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ తప్పు వాళ్లది కాదు.

దీనికో చిన్న ఉపాయం ఉంది. ట్రాక్ మీద ఉండే పోలారిటీ బటన్ నొక్కండి, దాన్ని ఒక వృత్తం మీద అడ్డగీతలా చూపిస్తారు. హెడ్‌ఫోన్స్‌లోని అల తలకిందులవుతుంది. ఇందాక తినేసుకున్న స్వరాలు ఇప్పుడు కలిసి బలపడతాయి, బలపడినవి పలచబడతాయి. పాడేవాళ్ల స్థాయికి ఏది నప్పుతుందో అడిగి అదే ఉంచేయాలి. ఒక్కోసారి ఇది గొంతుకు ప్రాణం పోసినట్టే ఉంటుంది. ఇది పాడేటప్పుడు వినడానికి మాత్రమే. మిక్సింగుకు వచ్చేసరికి మళ్లీ మామూలుగా పెట్టేస్తే సరి.

ఆలస్యం ఇంకా పెరిగితే సమస్య స్వభావమే మారిపోతుంది. 20, 30 మిల్లీసెకన్లు దాటాక గొంతు రంగు మారడం ఆగి, రెండు వేర్వేరు గొంతులుగా విడిపోవడం మొదలవుతుంది. 200 మిల్లీసెకన్ల దగ్గర మనిషి మామూలుగా మాట్లాడటానికే తడబడతాడు. 1950లోనే ప్రయోగాల్లో నమోదైన విషయమిది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఆలస్యం సాధారణంగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది కాబట్టి వాటితో పాట రికార్డు చేయడం కుదరదు. పాట వినడానికి అవి ఎంత బాగున్నా సరే, ఇక్కడ తీగ ఉన్నవే కావాలి.

డ్రైవర్ అనే మధ్యవర్తి

విండోస్ తన మామూలు దారిలో అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ ఒకచోట కలుపుతుంది. వీడియో శబ్దం, మెయిల్ వచ్చినప్పటి గంట, మన పాట, అన్నీ ఒకే గుంపు. అన్నిటినీ ఒకే శాంపిల్ రేటుకు మార్చి, తన సొంత బఫర్ గుండా పంపుతుంది. సినిమా చూసేవాళ్లకు ఆ ఆలస్యం తెలియదు. సంగీతం చేసేవాళ్లకు అదే పెద్ద అడ్డంకి. 1997లో జర్మనీకి చెందిన స్టెయిన్‌బర్గ్ సంస్థ ఏఎస్ఐఓ అనే పద్ధతిని తెచ్చి ఆ గుంపును తప్పించింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, ఇంటర్‌ఫేస్ నేరుగా మాట్లాడుకునే దారి అది. ఇప్పటికీ విండోస్‌లో గట్టి పని చేయాలంటే ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్‌నే వేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో దాన్ని మనమే ఎంచుకోవాలి, చాలాచోట్ల అది దానంతట అదే రాదు.

సొంత డ్రైవర్ లేని పరికరాలకు ఏఎస్ఐఓ4ఆల్ అనే ఉచిత సాధనం ఉంది. అది విండోస్ డ్రైవర్ మీదే ఏఎస్ఐఓ తొడుగు వేస్తుంది. అత్యవసరానికి పనికొస్తుంది, అసలు డ్రైవర్ ఉంటే దాని జోలికి వెళ్లనక్కర్లేదు. మాక్‌లో కోర్ ఆడియో మొదటి నుంచీ ఈ పనికి తగ్గట్టే ఉంది కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. లినక్స్‌లో ఈ పనికి జాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల పైప్‌వైర్ ఆ బాధ్యత తీసుకుంది.

అసలు కంప్యూటరు దాకా ఎందుకు వెళ్లాలి

చాలా ఇంటర్‌ఫేస్‌లకు ముందు వైపు ఒక చిన్న మీట ఉంటుంది. ఒక పక్క ఇన్‌పుట్ అనో డైరెక్ట్ అనో, మరో పక్క ప్లేబ్యాక్ అనో రాసి ఉంటుంది. కొన్నిట్లో అది బటన్. లేటెన్సీతో తల బాదుకుంటున్న వాళ్లలో సగం మంది దాన్ని ఎప్పుడూ ముట్టుకుని ఉండరు. దాని పేరు డైరెక్ట్ మానిటరింగ్. మైకు నుంచి వచ్చిన గొంతును కంప్యూటరు దాకా పంపకుండా ఇంటర్‌ఫేస్ లోపలి నుంచే హెడ్‌ఫోన్స్‌కు మళ్లిస్తుంది. ఆలస్యం ఉండదు, లేదా చెవికి అందనంత తక్కువ. బఫర్ 1024 ఉన్నా ఫర్వాలేదు.

ఇది వాడేటప్పుడు ఒక పని మర్చిపోకూడదు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మీది మానిటర్ బటన్ ఆపేయాలి. లేకపోతే నేరుగా వచ్చిన గొంతూ, కంప్యూటరు దాకా వెళ్లి తిరిగొచ్చిన గొంతూ రెండూ వినిపించి వ్యవహారం ఇంకా పాడవుతుంది. డైరెక్ట్ మానిటరింగ్ పనిచేయడం లేదని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఈ బటన్ గురించే.

ఉన్న లోటల్లా ఏమిటంటే, సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన రివర్బ్, అంటే గది ప్రతిధ్వనిని పోలిన ఎఫెక్ట్, పాడేటప్పుడు వినిపించదు. అది లేని పొడి గొంతుతో పాడటం చాలామందికి బట్టల్లేకుండా నిలబడినట్టు ఉంటుంది. దానికి మార్గం ఉంది. పొడి గొంతును డైరెక్ట్‌గా ఇచ్చి, సాఫ్ట్‌వేర్ నుంచి రివర్బ్ ఒక్కటే, అసలు గొంతు కలవకుండా, పంపాలి. ఇందుకోసం ట్రాక్ మానిటర్ ఆన్ చేసి, దాని నేరు అవుట్‌పుట్ ఆపి, రివర్బ్‌కు పంపే సెండ్‌ను మాత్రం ఉంచాలి. రివర్బ్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే నష్టం లేదు. నిజమైన గదిలోనూ ప్రతిధ్వని గోడ దాకా వెళ్లి తిరిగి రావాల్సిందేగా.

సాఫ్ట్‌వేర్ వాద్యాలకు మాత్రం ఈ దారి పనికిరాదు. మిడీ కీబోర్డు మీద మీట నొక్కితే వెళ్లేది ధ్వని కాదు, ఏ మీట, ఎంత బలంగా అనే సమాచారం. ధ్వని పుట్టేదే కంప్యూటరులో. అందుకని అక్కడ బఫర్ తగ్గించడం తప్ప మార్గం లేదు. ఊరట ఏమిటంటే ఇక్కడ ఎముకల దారి లేదు, కాబట్టి 10 మిల్లీసెకన్ల ఆలస్యానికి వేళ్లు త్వరగానే అలవాటు పడతాయి. అసలు పియానోలోనూ మెల్లగా నొక్కిన మీటకు సుత్తి తీగను చేరడానికి కొంత సమయం పడుతుంది.

రికార్డింగుకు ఒక అంకె, మిక్సింగుకు ఒక అంకె

బఫర్‌ను ఒకసారి పెట్టి మర్చిపోయే సెట్టింగుగా చూడకూడదు. రికార్డు చేస్తున్నప్పుడు 64 గానీ 128 గానీ, ట్రాకులన్నీ వచ్చేశాక మిక్సింగుకు 512 గానీ 1024 గానీ. మిక్సింగులో ప్రత్యక్షంగా పాడేవాళ్లెవరూ లేరు, ప్లే నొక్కాక పాట 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలైతే ఎవరికీ నష్టం లేదు.

బఫర్ 64కి తగ్గించినా ఆలస్యం తగ్గడం లేదంటే అనుమానించాల్సింది ప్లగిన్‌లను, అంటే సాఫ్ట్‌వేర్‌లో తగిలించే ఎఫెక్టులను. శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్లు కొన్ని ముందు రాబోయే శబ్దాన్ని చూసి నిర్ణయం తీసుకోవడానికి ధ్వనిని కాసేపు ఆపుతాయి. లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ అనే ప్లగిన్ 4096 శాంపిల్స్ ఆపిందంటే అదొక్కటే 85 మిల్లీసెకన్లు. అలాంటిది అన్ని ట్రాకులూ వచ్చి కలిసే మాస్టర్ ట్రాక్ మీద ఒక్కటి ఉన్నా, సాఫ్ట్‌వేర్ గుండా వినే ప్రతి వాద్యమూ అంతే ఆలస్యమవుతుంది. సాఫ్ట్‌వేర్ మిగతా ట్రాకులను కూడా దాని కోసం ఆపి అన్నిటినీ ఒకే వరుసలో నిలబెడుతుంది కాబట్టి ప్లేబ్యాక్‌లో ఈ సంగతి బయటపడదు. మిక్సింగు సగం అయ్యాక మళ్లీ ఒక గొంతు చేర్చాలంటే ముందు మాస్టర్ మీది ప్లగిన్‌లు ఆపేయండి.

శాంపిల్ రేటు 96,000కి పెంచితే లేటెన్సీ సగమవుతుందని కొందరి నమ్మకం. కుళాయి ధార రెట్టింపైతే చెంబు రెండింతల వేగంగా నిండే మాట నిజమే. మోసేవాడి పని కూడా రెట్టింపవుతుంది. గడువులు తప్పడం మొదలై బఫర్‌ను 256కి పెంచారంటే మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చినట్టు. యూఎస్‌బీ 3 ఉండాలన్న పట్టుదలా అలాంటిదే. 24 బిట్ల లోతుతో రెండు ఛానెళ్లు సెకనుకు 2.3 మెగాబిట్లు మాత్రమే. యూఎస్‌బీ 2 మోయగలిగేది 480. దారి వెడల్పు చేసినంత మాత్రాన బిందె తొందరగా నిండదు.

వినడం సరే, పడిన చోటు సరిగ్గా ఉందా

పాడినప్పుడు ఏం విన్నామన్నది ఒక విషయం. రికార్డైన గొంతు ట్రాక్ మీద ఎక్కడ పడిందన్నది వేరే విషయం. మనం తాళానికి సరిగ్గా పాడినా, అది ప్రయాణంలో తీసుకున్న సమయమంత ఆలస్యంగా సాఫ్ట్‌వేర్‌కు అందుతుంది. తన ఆలస్యం ఎంతో డ్రైవర్ చెబుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ మేరకు ట్రాక్‌ను వెనక్కి జరుపుతుంది. డ్రైవర్ చెప్పిన అంకె తప్పైతే జరపడమూ తప్పుతుంది. ఒక ట్రాకులో రెండు మిల్లీసెకన్ల తేడా ఎవరూ పట్టుకోలేరు. కానీ మొదట రికార్డు చేసిన గిటార్‌ను వింటూ గొంతు, ఆ గొంతును వింటూ రెండో గొంతు, దాన్ని వింటూ మరొకటి అని పేర్చుకుంటూ పోతే తేడా కూడా పేరుకుంటుంది. పాట ఎక్కడో బరువెక్కినట్టు, ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు ఉంటుంది.

దీన్ని కొలవడానికి ఒక్క కేబుల్ చాలు. డైరెక్ట్ మీటను పూర్తిగా ప్లేబ్యాక్ వైపు తిప్పి, రికార్డు చేయబోయే ట్రాక్ మానిటర్‌ను ఆపేయండి. ఇది తప్పనిసరి, లేకపోతే శబ్దం చుట్టూ తిరుగుతూ కీచుమని పెరిగిపోతుంది, కాబట్టి హెడ్‌ఫోన్స్ కూడా చెవుల నుంచి తీసేయండి. ఇంటర్‌ఫేస్ వెనక లైన్ అవుట్‌పుట్ నుంచి ముందున్న లైన్ ఇన్‌పుట్‌కు కేబుల్ కలపండి. ఒక ట్రాకులో చిన్న టిక్కు శబ్దం పెట్టి ప్లే చేస్తూ, రెండో ట్రాకులో దాన్నే రికార్డు చేయండి. తర్వాత రెండు టిక్కుల మీదా అల గీతలు విడివిడి చుక్కలుగా కనిపించేదాకా జూమ్ చేసుకుంటూ వెళ్లండి.

రెండూ ఒకే గీత మీద ఉంటే డ్రైవర్ నిజం చెప్పినట్టు. నేను ఒకసారి చూసినప్పుడు రెండోది 96 శాంపిల్స్ వెనక ఉంది, అంటే కచ్చితంగా 2 మిల్లీసెకన్లు. బఫర్ మార్చి మళ్లీ చూశాను, అప్పుడూ 96. బఫర్‌తో నిమిత్తం లేకుండా తేడా నిలకడగా ఉందంటే అది డ్రైవర్ లెక్కలోకి తీసుకోని భాగం. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లలో రీపర్‌లో దీన్ని సరిచేయడానికి ఆడియో రికార్డింగ్ సెట్టింగుల్లో ఆఫ్‌సెట్ గడి ఉంది, ఆడాసిటీలో లేటెన్సీ కాంపెన్సేషన్ ఉంది, ఆర్డర్ (Ardour)లో కొలిచే ఏర్పాటే ఉంది. ఆ గడిలో 96 వేసి టిక్కును మళ్లీ రికార్డు చేశాను. రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలబడ్డాయి. కేబుల్ తీసి మైకు పెట్టి, సగంలో వదిలేసిన రెండో గొంతును అక్కడి నుంచే అందుకున్నాం.